‘పైపూతకు మాత్రమే’ గారికి ఒక బహిరంగ లేఖ

ఆవనూనె గారికి,

నమస్కారాలు. అమెరికాలో మీ సీసా మీద ‘పైపూతకు మాత్రమే’ అని రాసి ఉంటుంది, మీరేమో ఏమీ ఎరగనట్టు పప్పులకీ మసాలాలకీ మధ్య దర్జాగా నిలబడతారు. అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు, సాయంత్రానికి మీరు చేరేది మోకాళ్లకు కాదు, మూకుడులోకని.

ఇంత నాటకానికీ కారణం మీలోని ఎరూసిక్ ఆమ్లం అనే ఒక కొవ్వు ఆమ్లం. మామూలు ఆవాల నూనెలో దాదాపు సగం దాకా అదే. దాన్ని బాగా పెట్టిన ఎలుకల గుండె కండరంలో కొవ్వు పేరుకుందని తేలాక అందరికీ టెన్షన్ పట్టుకుంది. యూరప్ వాళ్లు చాలా వంటనూనెలకు కిలోకు 20 గ్రాములు అని గీత గీసి, మీ మీద మాత్రం దయతలచి 50 అన్నారు. ఎలుకలకు ఆ ఆమ్లాన్ని మనలా అరిగించుకోవడం చేతకాదు, మనుషుల్లో అలాంటి హాని రుజువు కాలేదు అని మీ తరఫువాళ్లు వాదిస్తారు. సరే, అందులో న్యాయముంది. కానీ అక్కడితో ఆగరే! సంతృప్త కొవ్వు 12 శాతమే, ఒమేగా-3 కూడా ఉంది అన్న రెండు నిజాలు పట్టుకుని మిమ్మల్ని ఏకంగా గుండెకు మందు చేసేశారు. టేబుల్ స్పూనుకు 120 కేలరీల సంగతి ఎవరూ ఎత్తరు, అందులో మీరూ మిగతా నూనెలూ ఒకటే మరి.

అసలు మీ ఘనతంతా ఘాటులో ఉంది. ఆవగింజ ఊరికే ఉంటే ఘాటుండదు. నలిగి, తడి తగిలితే సినిగ్రిన్ అనే పదార్థానికి గింజలోనే వేరుగా ఉన్న మైరోసినేజ్ అనే ఎంజైమ్ తోడై, అప్పుడు పుడుతుంది ఆ ముక్కు అదరగొట్టే గుణం. అంత తతంగంతో పుట్టినదాన్ని జనం ఏం చేస్తారు? పొగలొచ్చేదాకా కాచి, పసుపు రంగు పాలిపోయి, వంటవాళ్ల కళ్లు మండాక గానీ అందులో ముక్కలు వేయరు! వేపుళ్లకు ఆ వేడి బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ బిహార్ వాళ్లు కాల్చిన వంకాయను మెదిపి చేసే చోఖాలో, బెంగాలీలు ఆవముద్ద పట్టించి ఆవిరి మీద ఉడికించిన ఇలిశ్ చేప మీద పచ్చిగా పోసే ఆ ఒక్క చెంచా ముందు ఈ కాచిన వేషం దిగదుడుపే.

మిమ్మల్ని అడ్డం పెట్టుకుని జరిగిన దారుణాలకు మాత్రం మిమ్మల్ని అనను. 1998లో ఢిల్లీలో మీలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి, ఒళ్లు వాచే జబ్బుతో 60 మందికి పైగా పోయారు. ఇక వేరే వంటనూనెలతో మిమ్మల్ని కలపడాన్ని భారత్‌లో 2021 జూన్ 8 నుంచి నిషేధించారు. మంచిదే.

చివరగా ఒక్క విన్నపం. సీసా మీద ఆ ఎర్ర గుండె బొమ్మ పక్కనే ఎరూసిక్ ఆమ్లం ఎంతుందో అంకె కూడా వేయించండి. జాగా చాలకపోతే బొమ్మ తీసేయండి.

ఇట్లు,
మీ పొగకు రోజూ దగ్గే ఒక వంటమనిషి