బీడింగుకు బతికే హక్కు లేదు

కారు తలుపుల చుట్టూ, అద్దాల అంచుల్లో, డిక్కీ మూత కింద నల్లగా, మెత్తగా, ఎవరి చూపూ ఆనకుండా పడి ఉండే రబ్బరు పట్టీని బీడింగు అంటారు. దాన్ని కాపాడుకోవాలని ఈ మధ్య కొందరు పనిగట్టుకుని ప్రచారం చేస్తున్నారు. అప్పుడప్పుడూ తడిగుడ్డతో దుమ్ము తుడవాలట. ఆరాక సిలికోన్ పూత పలుచగా రాయాలట. వీలైనంత వరకు బండిని నీడన నిలపాలట. ఈ ధోరణిని మొగ్గలోనే తుంచకపోతే మన సంస్కృతికి, ఆర్థిక వ్యవస్థకు, ముఖ్యంగా వాస్తుకు ఎంత ముప్పో ప్రజలకు విడమరచి చెప్పడం ఈ వ్యాసం లక్ష్యం.

ముందుగా చరిత్ర. ముడి రబ్బరు ఎండకు బంకయ్యేది, చలికి బిరుసెక్కేది. గంధకం కలిపి వేడి చేస్తే అది నిలకడగా ఉంటుందని 1839లో గ్రహించిన అమెరికన్ చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో పేటెంటు తీసుకున్నాడు, 1860లో అప్పులు మిగిల్చి కన్నుమూశాడు. ఆయన పేరుతో నడుస్తున్న టైర్ల కంపెనీ 1898లో వేరేవాళ్లు పెట్టుకున్నది. జీవితమంతా రబ్బరుకే ధారపోసిన మనిషికే దక్కని ఆదరణ రబ్బరు ముక్కకు దక్కాలనడం ఏం న్యాయం?

ఇక రసాయన శాస్త్రం. ఇప్పటి కార్ల బీడింగు చాలావరకు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు. సహజ రబ్బరు అణువుల గొలుసులో జంట బంధాలుంటాయి. గాలిలోని ఓజోన్ సరిగ్గా అక్కడే పట్టి తెంపుతుంది, సాగి ఉన్నచోట అడ్డంగా నెర్రెలు విచ్చుతాయి. ఈపీడీఎం ప్రధాన గొలుసులో ఆ బంధాలు లేవు కనుక ఓజోన్ పళ్లు దిగవు. అతినీలలోహిత కిరణాలను అడ్డుకోవడానికి కార్బన్ బ్లాక్ అనే మసిని కూడా కలుపుతారు. బీడింగు నల్లగా ఉండటానికి ముఖ్యమైన కారణం అదే, సింగారం కాదు. ఎండకూ వానకూ గాలికీ ఓర్చుకునే ఈ పదార్థాన్ని తేలిగ్గా లొంగదీసేవి పెట్రోలియం నూనెలు. అవి పీల్చుకుంటే ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఆకారం తప్పుతుంది.

మనవాళ్ల ప్రతిభ బయటపడేది ఇక్కడే. ప్రయోగశాలలు దశాబ్దాల పాటు శ్రమించి అన్ని వైపులా తలుపులు మూసి, ఒక్క దొడ్డిదారి మాత్రం మూయలేకపోతే, ఆ దారిని మన సందు చివరి వాటర్ వాష్ కేంద్రం ఏ పుస్తకమూ తిరగేయకుండానే కనిపెట్టింది. నురగ కడిగేశాక కుర్రాడు చేతిలోకి స్పాంజి తీసుకుంటాడు. అది అప్పటిదాకా టైర్లకు పాలిష్ పట్టించిన స్పాంజి. అందులో ఇసుక ఉంటుంది, మురికి ఉంటుంది, జిడ్డు జిడ్డుగా ఏ డబ్బాలోంచి వచ్చిందో తెలియని నూనె ఉంటుంది. దాన్నే తలుపు అంచున పైనుంచి కిందికి ఒక్క ఊపులో లాగుతాడు. బూడిదరంగుకు తిరిగిన బీడింగు కాకి రెక్కలా నిగనిగలాడుతుంది. యజమాని మురిసిపోయి పైన ఇరవై రూపాయలు ఇస్తాడు. సాయంత్రానికల్లా ఆ నిగారింపు మీద ఊరి దుమ్మంతా వచ్చి కూర్చుంటుంది. నీటి ఆధారంగా చేసిన పూత రాస్తే రబ్బరుకు మంచిదే కానీ ఆ పూత అద్దంలా మెరవదు. మెరవనిదానికి డబ్బులిచ్చే తెలుగువాడు ఇంకా పుట్టవలసి ఉంది.

వాటర్ వాష్‌కు వెళ్లనివారు నిరుత్సాహపడనక్కరలేదు. తారు మరకలు పోగొట్టడానికి కిరోసిన్ గుడ్డ ఉంది. తలుపు కిర్రుమంటే గ్రీజు ఉంది. పెద్దవాళ్లున్న ఇంట్లో కొబ్బరినూనె ఎలాగూ ఉంటుంది. జర్మనీలో చలికాలం తలుపులు మంచుకు అతుక్కుపోకుండా బీడింగుకు జింక కొవ్వు రుద్దే ఆచారం ఉంది. అక్కడ దానికోసం దుకాణంలో ప్రత్యేకంగా కడ్డీలు అమ్ముతారు. మనది ఉదార సమాజం, చేతికి అందింది రాస్తాం.

అద్దం ఎక్కి దిగే గాడి సంగతి వేరే చెప్పాలి. దాని లోపలి వైపు మఖమల్ వంటి సన్నటి నూగు ఉంటుంది, అద్దం సాఫీగా జారడానికి. అక్కడ పొడిగా ఆరిపోయే సిలికోన్ స్ప్రే కొద్దిగా కొడితే చాలు. ఆ గాడిలో గ్రీజు కూరితే దుమ్ముతో కలిసి ముద్దకడుతుంది, అద్దం సగంలో ఆగి ఆలోచిస్తుంది, మోటారు మూలుగుతుంది. టోల్‌గేటు దగ్గర అద్దం దిగక తలుపే తెరిచి వంగి మాట్లాడే పెద్దమనిషిని చూసి, ఎంత వినయం అని మనం పొరబడుతుంటాం.

ప్రకృతి సహకారాన్నీ మరవకూడదు. రెంటచింతల, రామగుండం ఎండల గురించి తెలుగువారికి కొత్తగా చెప్పేదేమీ లేదు. విజయవాడను బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. ఆ ఎండే వాహనాల పొగ మీద పనిచేసి నేల దగ్గర ఓజోన్‌ను తయారుచేస్తుంది. ఈపీడీఎం గట్టిదే కావచ్చు, కానీ వైపర్ బ్లేడ్లలో సహజ రబ్బరు వాడకం ఇంకా ఉంది. అవి నడివేసవిలో వేడెక్కిన అద్దానికి అతుక్కుని, దుమ్ము తింటూ తపస్సు చేస్తాయి. మరి చెట్టు కింద నిలపవచ్చు కదా అంటారా? చెట్టు మీద పిట్టలుంటాయి. పిట్ట రెట్ట వేస్తే రంగు పాడవుతుంది. రంగు పదిమందికీ కనిపించేది, బీడింగు మనకే కనిపించదు. కనుక బండి ఎండలోనే ఉంటుంది.

కారు మీద మనకు శ్రద్ధ లేదని మాత్రం ఎవరూ అనలేరు. విజయదశమికి బానెట్ మీద పసుపు, కుంకుమ, గంధం, చక్రాల కింద నిమ్మకాయలు. ముందు వేలాడే మిరపకాయల దండ. షోరూం నుంచి వచ్చిన సీట్ల ప్లాస్టిక్ కవరు మూడో ఏట కూడా చిరగకుండా, వేసవిలో వీపుకు అంటుకుంటూ, పదిలంగా ఉంటుంది. ఆరు నెలల్లో తీసి పారేయవలసిన కవరు కారుకన్నా ఎక్కువ కాలం బతుకుతుంది, కారుకన్నా ఎక్కువ కాలం బతకగల బీడింగు మూడో వేసవికే పగుళ్లు తేలుతుంది. దీన్ని నిర్లక్ష్యం అనడం అన్యాయం. ఏది ముఖ్యమో మనకు స్పష్టంగా తెలుసు, అంతే.

పగిలిన బీడింగు వల్ల కలిగే లాభాలకు వద్దాం. మొదటిది ఆధ్యాత్మికం. వానాకాలంలో నీరు లోపలికి దిగి కార్పెట్ కింద స్పాంజిలో నిలుస్తుంది. చాలాసార్లు ముందు ఎడమ సీటు కాళ్ల దగ్గర నిలుస్తుంది. తూర్పుముఖంగా నిలిపిన కారుకు ముందు ఎడమ మూల ఏమవుతుందో లెక్క వేసుకోండి, సాక్షాత్తూ ఈశాన్యం. వాస్తు ప్రకారం నీరు ఉండవలసిన చోటే ఉంది. ఆ సీట్లో కూర్చునే ఇల్లాలు తడిసిన చెప్పుల గురించి ఏమన్నా, శాస్త్రం మన వైపే ఉంది. కొన్ని కార్లలో వైరింగు ఆ కార్పెట్ కిందే పోతుంది కాబట్టి కొన్నాళ్లకు హారన్ దానంతట అదే మోగడం మొదలుపెట్టవచ్చు. దాన్ని శుభసూచకంగా తీసుకోవాలి.

రెండోది ఉపాధి. అద్దం కింద బయటి పట్టీ బిరుసెక్కితే తలుపు లోపలికి దిగే వాన నీరు పెరుగుతుంది. దిగిన నీరు పోవడానికి తలుపు అడుగున చిన్న రంధ్రాలుంటాయి, అవి ఆకులూ మట్టీ చేరి మూసుకుపోతాయి. లోపల నిలిచిన నీరు అడుగు రేకును నిదానంగా తినేస్తుంది. ఒక్క పట్టీ మీద ముచ్చటగా ముగ్గురు బతుకుతారు: టింకరింగ్ మేస్త్రీ, పెయింటర్, ఎలక్ట్రీషియన్. పట్టీని తుడిచి పూత రాసినవాడు ఈ ముగ్గురి పొట్టా కొడుతున్నట్టే కదా.

దాంపత్య ప్రయోజనం మూడోది. హైవే మీద ఎనభై దాటాక తలుపు అంచునుంచి ఈలలాంటి గాలి మొదలవుతుంది, వంద దగ్గర ఎవరి మాటా ఎవరికీ వినపడదు. హైదరాబాదు నుంచి వైజాగ్ దాకా ఏ గొడవా లేకుండా చేరిన జంటలను అడిగి చూడండి.

మీ బీడింగు ఏ దశలో ఉందో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. తలుపుకూ చట్రానికీ మధ్య వంద రూపాయల నోటు పెట్టి తలుపు వేసి, నోటును మెల్లగా లాగాలి. బిగువుగా వస్తే బీడింగు ఇంకా బతికే ఉంది. గాలికి వచ్చినట్టు వస్తే అయిపోయింది. నోటు ఇక్కడ అవసరమేమీ కాదు, తెల్ల కాగితమైనా చాలు. అయితే కాగితం పెట్టి పరీక్షించమంటే మనవాళ్లు నమ్మరు.

అమ్మేసే ముందు రోజు మాత్రం బీడింగుకు రాజయోగం పడుతుంది. బ్రోకరు స్వయంగా వంగి, గోరుతో మూలల్లోని మట్టి గీకి, పాత బనియను గుడ్డతో నాలుగు తలుపులకూ నల్ల పాలిష్ దిట్టంగా పట్టిస్తాడు. అన్నేళ్లలో దాన్ని అంత ప్రేమగా ముట్టుకున్నవాడు అతనొక్కడే. చూడవచ్చినవాళ్లు ఇంజను చప్పుడు వింటారు, మీటరు చూస్తారు, టైర్లు తంతారు, డిక్కీ తెరిచి మూస్తారు. బీడింగు అసలు గుట్టు బయటపెట్టగలిగేది మొదటి గట్టివాన ఒక్కటే. బ్రోకర్లు ఏప్రిల్, మే నెలల్లో అంత హడావుడిగా ఫోన్లు చేసేది అందుకే కాబోలు.