మ్యూజియం ఫొటోలోని వెనక తెరకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ వెనక తెర గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. తమ కుశలానికేం లెండి, నూరేళ్లు దాటినా ఒంటి మీద ఒక్క ముడత కనిపించదు.

గుళ్లోనూ తెర ఉంటుంది. నైవేద్యం వేళ స్వామి ముందు పడుతుంది, గంట మోగగానే పక్కకు తప్పుకుంటుంది. తమరు స్వామి వెనక చేరారు, ఇక కదల్లేదు.

మద్రాసు మ్యూజియంలోని తిరువాలంగాడు నటరాజుకు జరిగిన మర్యాదే చూడండి. ఆ ఊరు 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే కనుక, ఈ విషయంలో మాకూ కాస్త చుట్టరికం ఉంది. చోళుల నాటి పంచలోహ మూర్తి. గుళ్లో నటరాజస్వామికి పట్టుబట్టలు, పూలదండలు పోను ముఖం, చేతులు, ఎత్తిన పాదం కనిపిస్తే ఆ పూట దర్శనం బాగా అయినట్టే. తమరి ముందు నిలబెట్టేసరికి నూలుపోగు లేదు. స్టేషన్లో దొంగకు తీసినట్టు ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీశారు. ప్రభామండలం ఎప్పుడో పోయింది, ఆ ఖాళీలో తమరు కొలువుతీరారు. ఆనాటి ఫొటో ప్లేట్లకు ఎరుపు సరిగా ఆనదు కాబట్టి, రాగి మెరుపంతా నల్లబడి స్వామి మసిగుడ్డతో తుడిచినట్టు తేలాడు.

ఆ ఫొటోలు రష్యన్ కళాపండితుడు విక్టర్ గోలుబెవ్ ద్వారా పారిస్ చేరాయి. ఫ్రెంచ్ శిల్పి రోడిన్ చూశాడు. ఆ పెదవులకు, ఆ కాళ్లకు పరవశించి 1913లో ఒక వ్యాసమే రాశాడు. అది 1921లో అచ్చయ్యేసరికి ఆయనే లేడు. పాపం, ఇండియాకు రాలేదు, హారతి కళ్లకద్దుకోలేదు, చిటికెడు విభూతి దక్కలేదు. ఆయన చూసిందంతా కాగితం, అందులో సగం తమరు! అయినా రాసింది మాత్రం బాగుంది. మా పండితులు కొందరు ఆయన మెచ్చుకున్నాకే స్వామి కాలు అందంగా ఎత్తాడని గమనించారని నాకో అనుమానం.

మిమ్మల్ని పూర్తిగా తిట్టలేను. తమిళనాడులోని శ్రీపురందాన్ గుడి నటరాజు దొంగల చేతుల మీదుగా ఆస్ట్రేలియా చేరితే, ఆ విగ్రహం ఫలానా గుడిదేనని పాత ఫొటోలే సాక్ష్యం చెప్పాయి. 2014లో స్వామి తిరిగొచ్చాడు. ఫొటోకు దండం పెడతాను. తమరికి పెట్టను.

ఒక్క మనవి. ఉత్సవమూర్తుల పీఠాలకు రంధ్రాలో కొక్కేలో ఉంటాయి, ఊరేగింపులో కర్రలు దూర్చి కట్టడానికి. ఫొటో కింద ఎత్తెంతో, వెడల్పెంతో రాసేవారు ఈ స్వామి వీధుల్లో తిరిగేవాడని కూడా ఒక ముక్క రాయాలి. తమరు వారికి కాస్త చెప్పండి. ఎలాగూ ఆ ఆఫీసులోనే వేలాడుతుంటారు.

ఇట్లు,
ఒంటి మీద బట్టలున్న ఒక భక్తుడు