పొరుగింటి పుల్లకూర, పైన తుపాకీ తాలింపు

ఈ వారంలో ఇది మూడోసారి. మొదట కాలనీ గ్రూపులో, తర్వాత టెన్త్ బ్యాచ్ గ్రూపులో, నిన్న పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వుల కింద మా బాబాయి. మీకూ వచ్చే ఉంటుంది: "చైనాలో లంచం తీసుకుంటే మంత్రినైనా కాల్చేస్తారు. బుల్లెట్ ఖర్చు కూడా వాడి కుటుంబం దగ్గరే వసూలు చేస్తారు. అందుకే అక్కడ అవినీతి లేదు. పది రోజుల్లో ఆసుపత్రి కట్టారు. మన పేపర్ల నిండా స్కాములే, అక్కడివి ఒక్కటైనా విన్నారా? మన జబ్బుకి మూలం ఎన్నికలు. నిజమనిపిస్తే పది మందికి పంపండి."

బుల్లెట్ బిల్లు సంగతి వదిలేద్దాం. ఎవరు కడితే ఏం?

ఆసుపత్రి నిజమే, 2020లో వుహాన్‌లో కట్టారు. కానీ త్వరగా కట్టడం వేరు, తినకుండా కట్టడం వేరు. తింటూ కూడా త్వరగా కట్టొచ్చు. చైనాలో హైస్పీడ్ రైళ్లను పరుగులు పెట్టించిన రైల్వే మంత్రి లియు జిజున్ లంచాల కేసులోనే దొరికాడు. 2013లో మరణశిక్ష వేశారు, కాకపోతే రెండేళ్ల వాయిదాతో. వాయిదా అయ్యాక అది యావజ్జీవంగా మారింది. దేశంలోని పోలీసు యంత్రాంగాన్నంతా గుప్పిట్లో పెట్టుకున్న ఝౌ యోంగ్‌కాంగ్‌కి 2015లో పడిందీ యావజ్జీవమే. "మంత్రినైనా" అన్న మాట మీద అంత భరోసా పెట్టుకోకండి.

ఇక "అక్కడ అవినీతి లేదు" అన్నది. ఈ ముక్క చైనా కమ్యూనిస్టు పార్టీకి ఎవరైనా చెబితే బాగుండు. పార్టీ క్రమశిక్షణ సంఘం 2024లో ఒక్క ఏడాదే 8,89,000 మంది మీద చర్యలు తీసుకున్నట్టు తనే ప్రకటించింది. చిన్నాచితకా తప్పులూ అందులో ఉంటాయి, సరే. 2023లో రక్షణ మంత్రిగా ఉన్న లీ షాంగ్‌ఫూని మరుసటి ఏడాది లంచాల ఆరోపణలతోనే పార్టీ నుంచి గెంటేశారు. అవినీతే లేని దేశంలో వీళ్లంతా ఏం చేసి దొరికారు? సిగ్నల్ జంప్ చేశారా?

నాకు అసలు ఒళ్లు మండేది "కాలిస్తే భయం, భయముంటే నిజాయితీ" అన్న లెక్క దగ్గర. నిజంగా చంపేసిన కేసే చూద్దాం. ఆహార, మందుల నియంత్రణ శాఖకి అధిపతిగా పనిచేసిన ఝెంగ్ షియావ్యూ మందుల కంపెనీల దగ్గర సుమారు 65 లక్షల యువాన్లు మేశాడు. 2007 జులైలో మరణశిక్ష అమలు చేశారు. బాబాయి కోరుకున్నది అక్షరాలా జరిగింది. పక్క శాఖలవాళ్లు కూడా వణికిపోయి ఉండాలి కదా? ఏడాది తిరిగేసరికి పాలపొడి బయటపడింది. ప్రొటీన్ ఎక్కువ చూపించడానికి ప్లాస్టిక్ తయారీలో వాడే మెలమైన్ అనే రసాయనం కలిపారు. ఆరుగురు పసిపిల్లలు చనిపోయారు, దాదాపు 3 లక్షల మంది జబ్బుపడ్డారు. ఆ పాలపొడి అమ్మిన సాన్‌లూ కంపెనీ సంగతి అది ఉన్న నగర ప్రభుత్వానికి 2008 ఆగస్టు మొదట్లోనే తెలుసు. అప్పుడు బీజింగ్‌లో ఒలింపిక్స్. నొక్కిపెట్టారు. ఆ కంపెనీలో వాటా ఉన్న న్యూజిలాండ్ సంస్థ తమ ప్రభుత్వానికి చెప్పి, ఆ ప్రభుత్వం బీజింగ్‌కి చెబితే గానీ కదలిక లేదు. ఇక అచ్చంగా మందుల శాఖ పరిధిలోనే, 2018లో చాంగ్‌చున్‌లోని టీకాల కంపెనీ రికార్డులు మార్చేసి దొరికింది. ఆ కంపెనీదే నాసిరకం డీపీటీ టీకా రెండున్నర లక్షల డోసులకి పైగా బయటికి వెళ్లిపోయింది.

పాలపొడి విషయంలో ఇంకో మనిషి కూడా జైలుకెళ్లాడు. ఝావో లియన్‌హాయ్. ఈయన కల్తీ చేయలేదు. ఆ పాలు తాగి జబ్బుపడ్డ బిడ్డకి తండ్రి. తనలాంటి తల్లిదండ్రుల్ని కూడగట్టి నష్టపరిహారం అడిగాడు. 2010లో రెండున్నరేళ్ల శిక్ష వేశారు. అధికారులు తమ ఆస్తులు ప్రకటించాలని ఉద్యమం నడిపిన న్యాయ నిపుణుడు షూ జియోంగ్‌కి 2014 జనవరిలో నాలుగేళ్లు. తమాషా ఏమిటంటే, షీ జిన్‌పింగ్ అవినీతి మీద యుద్ధం జోరుగా నడుస్తున్న రోజులవి. దొంగని పట్టుకునే హక్కు పార్టీదే, "దొంగ, దొంగ" అని మీరు అరిస్తే మాత్రం నేరం.

అక్కడి స్కాములు ఎందుకు వినలేదో ఇప్పుడైనా అర్థమైందా? 2012లో అప్పటి ప్రధాని కుటుంబ ఆస్తుల మీద న్యూయార్క్ టైమ్స్ కథనం వేస్తే, చైనాలో ఆ వెబ్‌సైటునే ఆపేశారు. ఇక్కడ 2024లో పార్టీలకి విరాళాలిచ్చే ఎలక్టోరల్ బాండ్ల లెక్కలకి ఎస్‌బీఐ జూన్ 30 దాకా గడువు అడిగితే, మర్నాటికల్లా ఇవ్వమంది సుప్రీంకోర్టు. మన పేపర్లో స్కాము కనిపిస్తోందంటే, అచ్చు వేసేవాడు ఇంకా మిగిలి ఉన్నాడని.

ఎన్నికలే మూలమన్న మాటని పూర్తిగా కొట్టిపారేయలేను. 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు మాకు డబ్బు కవర్లు అందలేదని జనం రోడ్డెక్కి ధర్నా చేశారు. ఆ కవర్లలో పెట్టింది ఎక్కడో రాబట్టుకోవాలి కదా. ఇంకోటి కూడా ఒప్పుకుంటాను. అవినీతి మీద దేశాలకి ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ సంస్థ వందకి వేసే మార్కుల్లో (ఎక్కువ వస్తే అవినీతి తక్కువని) 2014లో చైనాకి 36, మనకి 38. 2024లో వాళ్లకి 43, మనకి అదే 38. అవి నిపుణుల అభిప్రాయాలతో వేసే మార్కులే అయినా, పదేళ్ల తర్వాత కూడా అదే మెట్టు మీద ఉన్నాం. జయలలిత ఆస్తుల కేసు 1996లో మొదలైతే, సుప్రీంకోర్టు తుది తీర్పు వచ్చింది 2017 ఫిబ్రవరిలో. అప్పటికి ఆవిడ పోయి రెండు నెలలు దాటింది. ఇది చూసినవాడికి తుపాకీ మీద ఆశ పుట్టదా అంటే, పుడుతుంది.

కానీ అదే 2024 జాబితాలో ఎన్నికలు పెట్టుకున్న భూటాన్‌కి 72, అప్పటికి సైన్యం ఏలుతున్న మయన్మార్‌కి 16. రెండూ మనకి పొరుగే. వీటి గురించి ఫార్వర్డ్ ఎందుకు రాదో!

పోయినేడాది మా నాన్న పొలం మ్యుటేషన్ కోసం నేను నాలుగు నెలలు ఒక ఆఫీసు చుట్టూ తిరిగాను. "ఎందుకురా ఈ తిరుగుడు, ఎంతో కొంత చేయి తడిపి కానిచ్చెయ్" అని సలహా ఇచ్చింది మా బాబాయే. ఎవరిని మాట్లాడాలో కూడా ఆయనే చెప్పాడు. చైనా చట్టం ప్రకారం లంచం ఇవ్వడం కూడా నేరమే బాబాయ్. గ్రూపులో ఆ మెసేజ్ డిలీట్ చెయ్యి.