ఫొటో చూసి కన్ను బాగుందనవచ్చా?

చర్చకు వచ్చిన ప్రతిపాదన ఇది: మధుమేహం ఉన్నవారికి క్రమం తప్పకుండా జరగవలసిన రెటీనా (కంటి వెనుక పొర) పరీక్షను, వారు చక్కెర వ్యాధికి మందులు రాయించుకునే చోటనే ఆ పొరను చిత్రించే ఫండస్ కెమెరాతో ఫొటో తీసి, దూరంగా ఉన్న నిపుణులకు పంపించి పూర్తి చేయవచ్చు. అనుకూలంగా ఒక మధుమేహ వైద్యుడు, ప్రతికూలంగా ఒక రెటీనా శస్త్రవైద్యురాలు మాట్లాడారు.

మధుమేహ వైద్యుడు: డయాబెటిక్ రెటినోపతి, అంటే మధుమేహం వల్ల రెటీనా రక్తనాళాలు దెబ్బతినే జబ్బు, చాలాకాలం నొప్పి గానీ ఎరుపు గానీ లేకుండా ముదురుతుంది. అక్షరాల పట్టికలో చివరి వరస దాకా తడుముకోకుండా చదివే మనిషి రెటీనా మీద అప్పటికే కొత్త రక్తనాళాలు మొలిచి ఉండవచ్చు. చూపు బాగానే ఉన్నప్పుడు కంటి ఆసుపత్రికి ఎందుకని అతను వెళ్లడు. నా దగ్గరకు మాత్రం కొన్ని నెలలకోసారి వస్తాడు, ఎందుకంటే మందులు నేనే రాయాలి. అతను ఎలాగూ కూర్చునే ఆ అరగంటలోనే ఫొటో తీయమంటున్నాను. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి 2012లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, మధుమేహం ఉన్నవారిలో దాదాపు మూడోవంతు మందికి ఏదో ఒక స్థాయిలో రెటినోపతి ఉంది. చూపును దెబ్బతీసే స్థాయిలో ఉన్నది పదిమందిలో ఒకరికి. ఆ ఒక్కరి కోసం పదిమందినీ మీ గది ముందు నిలబెడితే, ఆ ఒక్కరికే సమయం దొరకదు.

శస్త్రవైద్యురాలు: ఆ ఒక్కరిని మీ ఫొటో పట్టుకుంటుందా అన్నదే నా అనుమానం. పరిశోధనల్లో ప్రమాణంగా నిలిచిన పద్ధతి, రెటీనాలో ఏడు భాగాలను 30 డిగ్రీల కోణంలో జంట ఫొటోలుగా తీయడం. మీరు తీసేవి కంటికి ఒకటో రెండో, 45 డిగ్రీలవి. అంచుల్లో ఉన్నది వాటిలోకి రాదు. రెటీనా మధ్యలో సూటి చూపునిచ్చే భాగమైన మాక్యులాకు వచ్చే వాపు విషయం ఇంకా ఇబ్బంది. వాపు అంటే మందం, ఫొటోలో మందం కనిపించదు. ఫొటో చదివేవారు మాక్యులా నడిబొడ్డు దగ్గర పేరుకున్న పసుపు మచ్చలను చూసి వాపు ఉండవచ్చని ఊహిస్తారు. మచ్చలు లేకుండా వాపు ఉన్నవాళ్లనూ, మచ్చలు ఉండి వాపు లేనివాళ్లనూ రెటీనా మందాన్ని కొలిచే ఓసీటీ పరీక్షలో నేను చూస్తూనే ఉన్నాను. పైగా ఫొటో కంటి ఒత్తిడిని కొలవదు. నీటికాసులు (గ్లకోమా) ఉన్న మనిషి చేతికి మీరు ‘రెటినోపతి లేదు’ అన్న కాగితం ఇస్తే, అతను దాన్ని ‘కన్ను బాగుంది’ అని చదువుకుంటాడు.

(కాగితం మీద ఉన్నదానికీ రోగి చదువుకునేదానికీ మధ్య ఉన్న ఈ తేడాకు మధుమేహ వైద్యుడు చివరిదాకా సరైన జవాబు ఇవ్వలేదని నా అభిప్రాయం.)

మధుమేహ వైద్యుడు: మీ పరీక్ష నా ఫొటో కంటే మెరుగైనదే, ఒప్పుకుంటాను. కానీ నా రోగుల్లో చాలామందికి మీ పరీక్ష ఎన్నడూ జరగదు. కాబట్టి ఫొటోను మీ పరీక్షతో కాకుండా, అసలు ఏ పరీక్షా లేకపోవడంతో పోల్చాలి. ఇంగ్లండ్‌లో 2003లో మొదలైన జాతీయ పథకంలో 12 ఏళ్లు నిండిన మధుమేహ రోగులందరినీ పిలిచి, కంట్లో చుక్కలు వేసి, కంటికి రెండేసి ఫొటోలు తీసి, శిక్షణ పొందినవారితో చదివిస్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పనిచేసే వయసువారి అంధత్వానికి దశాబ్దాల పాటు మొదటి కారణంగా ఉన్న రెటినోపతి, 2009-10 నమోదుల్లో ఆ స్థానం నుంచి దిగిపోయిందని 2014లో ప్రచురించారు.

శస్త్రవైద్యురాలు: ఆ మార్పులో చక్కెర, రక్తపోటు మునుపటికంటే అదుపులో ఉండడానికి ఎంత వాటా ఉందో విడదీసి చెప్పడం కష్టం. అది పక్కన పెడదాం. అక్కడ మధుమేహం ఉన్న ప్రతి మనిషి పేరూ ఒక చిట్టాలో ఉంటుంది. పిలుపు అందినా రానివారెవరో ఆ చిట్టా చెబుతుంది. ఫొటోలో జబ్బు తేలితే ఎన్నాళ్లలో ఆసుపత్రి చూడాలన్న గడువు ఉంటుంది. మీ ప్రతిపాదనలో నాకు కెమెరా కనిపిస్తోంది గానీ చిట్టా కనిపించడం లేదు. ఇక కృత్రిమ మేధ సంగతి మీరు ఎత్తకముందే నేనే ఎత్తుతాను. థాయ్‌లాండ్ క్లినిక్‌లలో గూగుల్ వ్యవస్థను వాడి చూసిన అనుభవం 2020లో ప్రచురితమైంది. గదుల్లో వెలుతురు సరిగా లేకపోవడం వంటి కారణాలతో, నర్సులు తీసిన ఫొటోల్లో ఐదోవంతును ఆ యంత్రం చదవలేనని తిప్పికొట్టింది.

మధుమేహ వైద్యుడు: తెలియనిదాన్ని తెలియదని చెప్పడం యంత్రంలో నాకు నచ్చిన గుణమే. చదవలేని ఫొటోను ‘జబ్బు లేదు’ కింద వేయకూడదు; ఆ మనిషిని నేరుగా మీ దగ్గరకు పంపాలి. శుక్లాలు ముదిరిన వృద్ధుల్లో ఇలాంటివి ఎక్కువ, వారికి మీ పరీక్ష ఎలాగూ అవసరమే. 2018 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన మొదటి స్వయంచాలిత వ్యవస్థ, 900 మంది పాల్గొన్న పరీక్షలో, ఒక స్థాయి దాటిన రెటినోపతి ఉన్నవారిలో సుమారు 87 శాతం మందిని గుర్తించింది.

శస్త్రవైద్యురాలు: అంటే అలాంటి నూరుమందిలో 13 మంది తప్పిపోతారు.

మధుమేహ వైద్యుడు: ఈసారి తప్పిపోతారు. చాలామందిలో ఈ జబ్బు ఏళ్ల తరబడి మెల్లగా నడుస్తుంది కనుక, మళ్లీ తీసే ఫొటోలో దొరికే అవకాశం ఉంది.

శస్త్రవైద్యురాలు: గర్భిణిలో అది మెల్లగా నడవదు. ముందునుంచీ మధుమేహం ఉన్న స్త్రీకి ఆ తొమ్మిది నెలల్లోనే రెటీనా పరిస్థితి దిగజారవచ్చు. అలాగే రెటినోపతికి లేజర్ చికిత్స చేయించుకున్న కంటినీ, ఇదివరకే ముదిరిన జబ్బు ఉందని తెలిసిన కంటినీ మీ కెమెరాకు అప్పగించను.

మధుమేహ వైద్యుడు: వారిని ఈ ప్రతిపాదన నుంచి తీసేస్తున్నాను, నేరుగా మీ దగ్గరకే పంపుతాను. ఇప్పుడు ఒప్పుకుంటారా?

శస్త్రవైద్యురాలు: ఒక్కటి చెప్పండి. ఫొటో 4వ తేదీన తీశారు. ఫలితం 19న వచ్చింది, లేజర్ అవసరమని ఉంది. రోగి ఇచ్చిన ఫోన్ నంబరు పనిచేయడం లేదు. ఆ రోజు నుంచి ఆ కన్ను ఎవరి బాధ్యత? తీసినవారిదా, చదివినవారిదా, నాదా?

మధుమేహ వైద్యుడు: నాది. పరీక్ష రాసింది నేను; మళ్లీ మందుల కోసం అతను వచ్చేది నా దగ్గరకే. ఆ మాట ప్రతిపాదనలో రాస్తాను. అయితే మిమ్మల్నీ ఒకటి అడగాలి. 1970లలో జరిగిన పెద్ద అధ్యయనం, సకాలంలో చేసిన లేజర్ తీవ్రమైన చూపు నష్టాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని తేల్చింది. సకాలంలో అన్న మాట అందులో కీలకం. నేను రేపటి నుంచి ఫొటోలు తీయించి, జబ్బు తేలినవారిని పంపిస్తే, వారానికి ఎంతమందికి లేజర్ చేయగలరు?

(ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. ఎదురుగా ఉన్న అపాయింట్‌మెంట్ల పుస్తకం తెరిచి రెండు మూడు పేజీలు తిప్పారు.)

శస్త్రవైద్యురాలు: ఇప్పుడున్న వరుసకే ఆరు వారాలు పడుతోంది. మీరు పంపేవారికి విడిగా ఒక పూట కేటాయించాలి. ఏ పూటన్నది నిర్వాహకులతో మాట్లాడి చెబుతాను. అప్పటిదాకా కెమెరా కొనుగోలు ఆపండి.

మధుమేహ వైద్యుడు: కొనుగోలు ఆపను. తీయడం ఆపుతాను.