తెలిసీ చెప్పలేదు

పిత్తనాళంలో రాయి తీయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లిన మనిషికి, రాయి తీసిన గొట్టమే యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియాను అంటిస్తే జవాబుదారీ ఎవరు? అమెరికాలో ఏళ్ల తరబడి ఎవరూ కాలేదు.

2012లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో జపాన్ కంపెనీ ఒలింపస్ తయారుచేసిన డ్యుయోడెనోస్కోపు (నోటి గుండా చిన్నపేగు దాకా దింపే కెమెరా గొట్టం) వల్ల 22 మందికి ఇన్ఫెక్షన్ సోకింది. గొట్టం కొసన ఉండే చిన్న మీట వెనక బ్రష్షు అందని సందుల్లో మురికి మిగిలిపోతోందని, లోపం గొట్టం రూపకల్పనలోనే ఉందని అక్కడ అప్పుడే తేలింది. 2013 జనవరిలో కంపెనీ ఐరోపా ఆసుపత్రులను హెచ్చరించింది. అమెరికా ఆసుపత్రులకు చెప్పలేదు. 2015 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలిస్‌లో ఈ గొట్టాల ఇన్ఫెక్షన్‌తో రోగులు చనిపోయిన సంగతి పత్రికలకెక్కాకే నోరు విప్పింది. 2012-15 మధ్య ప్రపంచంలో కనీసం 25 ఘటనల్లో, కనీసం 250 మందికి ఈ గొట్టాల నుంచి ఇన్ఫెక్షన్ సోకిందని అమెరికా సెనేట్ నివేదిక లెక్కగట్టింది. ఈ ఇన్ఫెక్షన్లపై చట్టం కోరిన నివేదికలను ఆసుపత్రులూ సరిగ్గా పంపలేదు. తెలిసీ చెప్పనందుకు కంపెనీ 2018లో నేరం ఒప్పుకొని 8.5 కోట్ల డాలర్లు కట్టింది. పోయిన ప్రాణాలకు అది ఏపాటి?

ఈ చికిత్స ప్రాణాలు నిలబెడుతుందని, వాడి పారేసే స్కోపులు మన రోగులు మోయలేనంత ఖరీదని వైద్యులు అంటున్నారు. నిజమే. అందుకే కడిగే గది మీద కన్నేయాలి. పద్ధతి ప్రకారం శుభ్రం చేసిన స్కోపుల నమూనాల్లోనూ 5.4 శాతం దాకా ప్రమాదకర క్రిములు కనిపించాయని 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థే ప్రకటించింది. బయట రోగులు బారులు తీరి ఉంటే, ఆరీ ఆరని స్కోపును మళ్లీ లోపలికి అందించే చోట ఆ లెక్క ఎంతకు చేరుతుంది?

ఎండోస్కోపీ కోసం దేశదేశాల రోగులు హైదరాబాద్ వస్తున్నారు. పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2015లోనే మొదలైంది. కానీ ఆసుపత్రులు సమాచారం ఇవ్వడం చాలావరకు వాటి ఇష్టమే. చట్టం నిర్బంధించిన అమెరికాలోనే దాచినవారు, ఇష్టానికి వదిలేసిన చోట చెబుతారా? ఏ రోగికి ఏ నంబరు స్కోపు వాడారో రాయండి. స్కోపులకు క్రమం తప్పకుండా కల్చర్ పరీక్ష (నమూనా తీసి క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) చేయించండి. క్రిమి దొరికితే, ఆ స్కోపు వాడిన ప్రతి రోగికీ ఫోన్ చేయండి. పేరు పోతుందని భయపడే యాజమాన్యాలు, అడగడానికి జంకే ఆరోగ్య శాఖలు రెండూ రోగి ప్రాణంతోనే ఆడుకుంటున్నాయి. రేపు ఇక్కడ ఒక మరణం బయటపడితే, మాకు తెలియదనే హక్కు ఈ రెండింటికీ లేదు.