కొత్తోడు దొరికితే కొండంత రేటు

ఆన్‌లైన్ ఆటల్లో ధరలు న్యాయంగా ఉండాలని, అమ్మేవాడు కొనేవాడితో మర్యాదగా మాట్లాడాలని కొంతమంది గొంతు చించుకుంటున్నారు. ఇది మన తిరుపతి సంప్రదాయానికే అవమానం. రైల్వే స్టేషన్ బయట సూట్‌కేసు పట్టుకుని నాలుగు దిక్కులూ చూసే మనిషికి ఒక ఆటో రేటు, "లీలామహల్ కాడ దించన్నా" అనే ఊరివాడికి ఇంకో రేటు ఉండటం ప్రకృతి ధర్మం. ఆ ధర్మాన్నే మన కుర్రాళ్లు బైరాగిపట్టెడ మేడ మీది గదుల్లో కూర్చుని ప్రపంచానికి నేర్పుతుంటే, శాలువా కప్పాల్సింది పోయి రిపోర్ట్ బటన్ నొక్కుతున్నారు. ఈ విద్య అంతరించిపోకముందే రాసిపెట్టడం మన బాధ్యత.

దిమ్మెలు పేర్చి ఊళ్లు కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్లలో, అంటే పదిమంది కలిసి ఆడే చోట్లలో, పెట్టె దుకాణం అందరికీ తెలిసిందే. పెట్టెలో సరుకు, పెట్టెకు ఒక బోర్డు, బోర్డుకు నాలుగు వరసలు. మొదటి వరస దుకాణదారు పేరు. రెండోది ఒక క్లిక్‌కు ఎన్ని వస్తాయో చెప్పే అంకె. మూడోది ధర: 'బి' పక్కన ఉన్నది మీరు కొంటే కట్టాల్సింది, 'ఎస్' పక్కన ఉన్నది మీరు అమ్మితే చేతికొచ్చేది. నాలుగోది సరుకు పేరు. విద్య అంతా రెండో వరసలో ఉంది. వీధిలో అందరూ ఇనుప కడ్డీలు 64 కలిపి 320 నాణేలకు అమ్ముతున్నారనుకోండి, ఒక్కోటి 5 పడుతుంది. మీరు 320ని ముట్టుకోవద్దు. రెండో వరసలో 64 చెరిపి 16 రాయండి, చాలు. కొత్తోడు పక్క దుకాణంలో 320 చూశాడు, మీ దగ్గరా 320 చూశాడు, మీ దుకాణం దగ్గరగా ఉంది, నొక్కాడు. ఒక్కోటి 20 పడిందని లెక్క తేలేసరికి మూడుసార్లు నొక్కేసి ఉంటాడు. వచ్చి అడిగితే "బోర్డు చదువుకోవాల గదన్నా" అనండి. త్రాసు కింద అయస్కాంతం అంటిస్తే తూనికల శాఖ వాళ్లు వస్తారు. బోర్డు మీద 16 రాస్తే ఎవరూ రారు, ఎందుకంటే అది అక్షరాస్యతా పరీక్ష.

చేయి తిరిగినవాళ్లు తోటివాడి జేబుతో ఆగరు, సర్వర్ ఖజానాలోకే చేయి పెడతారు. సర్వర్ నడిపేవాడు తన దుకాణంలో కడ్డీ 5కి అమ్ముతూ, ఇనుప దిమ్మెను 60కి కొంటానని బోర్డు పెట్టాడు. తొమ్మిది కడ్డీలు పేరిస్తే ఒక దిమ్మె. 45 పెట్టి కొను, పేర్చు, 60కి అమ్ము. దిమ్మెకు 15 లాభం, సరుకు అయిపోయే ప్రసక్తి లేదు, కాలు కదిపే పనీ లేదు. ఆయన నిద్ర లేచేసరికి సర్వర్లో ముగ్గురు కుబేరులు పుట్టి ఉంటారు. పేర్చి, విడగొట్టి, కాల్చి మార్చగల ప్రతి సరుకుకూ అన్ని రూపాల్లోనూ లెక్క సరిచూసుకున్నాకే బోర్డు పెట్టాలన్న జ్ఞానం ఆయనకు ఆ రోజు కలుగుతుంది. వెంటనే అందరి డబ్బూ సున్నా చేస్తాడు. పేర్చనివాడి డబ్బుతో సహా.

చెరకు సంగతి ఇంకా రమ్యం. చిత్తూరు రైతు చెరకు నాటి దాదాపు ఏడాది కాపు కాసి, గానుగాడించి, పాకం పట్టి, బెల్లం మండీకి తోలుకుపోయాక కూడా రేటు తన చేతిలో ఉండదు. మైన్‌క్రాఫ్ట్‌లో చెరకు మూడో గడి ఎత్తుకు పెరగ్గానే పక్కన పెట్టిన అబ్జర్వర్ అనే దిమ్మె కనిపెడుతుంది, పిస్టన్ అనే నెట్టుడు దిమ్మె రెండో గడిని కొడుతుంది, కింది గడి మళ్లీ పెరుగుతుంది. ఇట్లాంటివి వంద వరసలు పేర్చి మనిషి పడుకోవచ్చు. సర్వర్ దుకాణం ఎంత తెచ్చినా అదే రేటుకు కొంటానంటే, ఆ డబ్బు ఎవరి జేబులోంచీ రావడం లేదు, గాల్లోంచి పుడుతోంది. అట్లా పుట్టిన డబ్బు పన్ను రూపంలోనో, మరమ్మతు ఖర్చుగానో, ఊరి నుంచి ఊరికి ఎగిరే రుసుముగానో మళ్లీ గాల్లో కలవకపోతే, నెల తిరక్కముందే 320 ఉన్న కడ్డీల కట్ట 3,000 అవుతుంది. చెరకు తోట ఉన్నవాడికి అది చిల్లర. నిన్న చేరినవాడికి వారం కూలి. "కష్టపడి పైకొచ్చాం రా, నువ్వూ కష్టపడు" అని వాడికి హితవు చెప్పేది, పడుకుని సంపాదించిన ఈయనే.

కొన్ని ఆటల కంపెనీలు మాత్రం మన విద్య మీద పగబట్టాయి. రూన్‌స్కేప్ అనే ఆట వాళ్లు 2007లో గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అని ఒక అంగడి తెరిచారు. అక్కడ కొనేవాడు ఎక్కువ రాసినా, అమ్మేవాడు ముందే తక్కువకు పెట్టి ఉంటే ఆ తక్కువ ధరకే సరుకిచ్చి, మిగిలింది వాపసు ఇస్తారు. వాపసు! చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టే దేశంలో పుట్టినవాడికి ఇది చూస్తే కడుపు తరుక్కుపోదూ? అది చాలదన్నట్టు ప్రతి సరుకుకూ నాలుగు గంటలకు ఇన్నే కొనాలని పరిమితి. దర్శనం టోకెన్ లేనివాళ్లకు ఆధార్ చూపిస్తే రెండే లడ్లు అని 2024లో కొండ మీద పెట్టిన నియమం గుర్తుందిగా, అదే బాపతు. 50 రూపాయల లడ్డూను బుట్టలకొద్దీ ఎత్తి, కింద బస్టాండులో రెండింతలకు అమ్మే ప్రతిభావంతుణ్ని ఆపడానికి అక్కడ ఆధార్, ఇక్కడ గడియారం.

ఆ ఆట పాత తరహా రూపంలో 2021 చివర్లో అమ్మకం మీద 1 శాతం పన్ను వేశారు, 2025లో 2 శాతం చేశారు. 1,000కి కొని 1,015కి అమ్మి 15 మిగిలిందని ఎగిరి గంతేసే కుర్రాడు ఇక్కడే బోల్తా పడతాడు. పన్ను 1,015 మీద పడుతుంది, 20 పోతుంది, వాడికి 5 నష్టం. రోజంతా అమ్మి సాయంత్రం చూసుకుంటే సంచి తేలిక.  

అంతరిక్ష నౌకల ఆట ఈవ్ ఆన్‌లైన్ వాళ్లకు కాస్త సంస్కారం ఉంది. తోటివాణ్ని మాటలతో మోసం చేయడం ఆటలో భాగమే అని బాహాటంగా ఒప్పుకుంటారు. "పది లక్షలు పంపు, ఇరవై పంపిస్తా" అనే దాతలు ఆ ఆటలోని జిటా అనే పెద్ద అంగడి చాట్‌లో ఎడతెగకుండా అరుస్తుంటారు. మొదట చిన్న మొత్తం నిజంగానే రెట్టింపు చేసి పంపుతారు కూడా, ఎర లేకుండా గాలానికి ఏం పడుతుంది? కానీ అంత సంస్కారవంతులూ 2020లో ఒక పాపం చేశారు. పక్కవాడి ధరకంటే పైసా తగ్గించి జాబితాలో పైకెక్కి, ఐదు నిమిషాలకోసారి అదే పని చేస్తూ జీవితం గడిపే తపస్వులు అప్పటిదాకా ఉండేవారు. ఇకపై ధరలో మొదటి నాలుగు అంకెల్లోనే మార్పు చేయాలన్నారు. అంటే 12 లక్షల సరుకు మీద కనీసం వెయ్యి తగ్గిస్తేనే పైకెక్కేది. ఊరికే పైకెక్కడం పోయింది, తగ్గించేవాడు నిజంగా తగ్గించాల్సి వచ్చింది.

డియాబ్లో 3 వాళ్లయితే 2012లో అసలు డబ్బుతోనే వేలంపాట తెరిచి, 2014 మార్చి 18న మూసేశారు. రాక్షసుల్ని చంపి కత్తి సంపాదించే ఆటలో, కత్తి కొనుక్కుంటే చాలు రాక్షసులతో పనేముందని జనం అనుకున్నారట. అంతకంటే ఏమీ లేదు అందులో.

ఇక మర్యాద. ఇందిరా ప్రియదర్శిని మార్కెట్‌లో కూరగాయలామె "రాక్కా, ఏం కావాల?" అంటుంది, బేరం తెగ్గానే కరివేపాకు రెమ్మ కొసరు వేస్తుంది. ఇది వెనకబాటుతనం. ఆటలో "అన్నా, ఇదెంత?" అని అడిగినవాడికి "నూబ్", అంటే ఏమీ రాని కొత్తోడా అని, ఒక్కమాటలో జవాబివ్వడం నాగరికత. ధర అడిగితే బయట చెప్పకుండా "డీఎం రా", అంటే విడిగా మెసేజ్ పెట్టు, అనడం ఇంకా నాగరికత. పశువుల సంతలో దళారులు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడేది ఇందుకే కదా: ఈ ఎద్దుకు ఎంత చెప్పారో పక్క ఎద్దు కొనేవాడికి తెలియకూడదు. మదనపల్లె టమాటా మండీలో అందరి ముందూ పాట పాడి రేటు తేల్చడం అమ్మేవాడి స్వేచ్ఛకు ఎంత గొడ్డలిపెట్టో వేరే చెప్పాలా?

ఇద్దరు సరుకూ డబ్బూ మార్చుకునే ట్రేడ్ విండోలో ఒక కోటి పెట్టి, చివరి క్షణంలో "ఆగన్నా, లాగ్ అవతాంది" అంటూ తీసి పది లక్షలు పెట్టడం పాత ఎత్తు. అందుకే ఇప్పుడు చాలా ఆటల్లో రెండోసారి ఒప్పుకోమని ఇంకో తెర వస్తుంది. ఆ తెర మీది సున్నాలు లెక్కపెట్టే ఓపిక ఉన్నవాడు మనకు గిరాకీ కాదు, వదిలేయండి. ఫోన్లో ఆడే తుపాకుల ఆట బీజీఎంఐలో ఐడీలు, అంటే ఆట ఖాతాలు, అమ్మేవాళ్లది మాత్రం కాలం చెల్లని విద్య. కంపెనీ నిబంధనల ప్రకారం ఐడీ అమ్మకమే కుదరదు కాబట్టి కొన్నవాడు ఫిర్యాదూ చేయలేడు. పాస్‌వర్డ్ మార్చుకుని మురిసిపోతాడు గానీ, మొదట లింక్ చేసిన ఈమెయిల్ అమ్మినవాడి దగ్గరే ఉంటుంది. వారం తర్వాత ఐడీ పుట్టింటికొచ్చేస్తుంది, మళ్లీ అమ్మకానికి సిద్ధం.

ఇంత విద్య ఉన్నా సర్వర్లు ఎందుకు ఖాళీ అవుతున్నాయని కొందరు వాపోతున్నారు. చిన్న తేడా ఒకటి ఉంది, ఒప్పుకోక తప్పదు. మన ఊళ్లో ఆటోవాడు ఇవాళ ఒకణ్ని ముంచినా రేపు రైలు దిగేవాళ్లు దిగుతూనే ఉంటారు. రోజుకు 60, 70 వేల జనం వస్తున్నారంటే అది స్వామి కోసం, ఆటో కోసం కాదు. మన సర్వర్‌కు కొండ లేదు. కొత్తోడు ఇంకో సర్వర్‌కు పోవడానికి పట్టేది అర నిమిషం.

పోయినవాళ్లు పోగా రాత్రి పది గంటలకు వీధిలో ముగ్గురు మిగులుతారు. ముగ్గురూ దుకాణదారులే, ముగ్గురి పెట్టెలూ నిండే ఉంటాయి. ఒకాయన ఆలోచించి ఆలోచించి దసరా తగ్గింపు ప్రకటిస్తాడు: సగానికి సగం! బోర్డు మూడో వరసలో 320 కొట్టేసి 160 రాస్తాడు. రెండో వరసలో మాత్రం 16 అట్లే ఉంటుంది.