మూలన కూర్చున్న వాక్యూమ్ పంపు గారికి

మహారాజశ్రీ వాక్యూమ్ పంపు గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఒకే షాపులో ఉంటూ ఉత్తరమేమిటని అనుకోకండి. మీకు ఎదురుపడి మాట్లాడే ముఖం నాకు లేదు.

మిమ్మల్ని విశాఖపట్నం నుంచి తెచ్చిన రోజు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాను. ఆ బొట్టు ఇప్పటికీ చెరగలేదు. దీన్నిబట్టే తెలుస్తోంది మీతో ఎంత పని చేయించానో. అయినా మర్యాద తగ్గించలేదండీ. ప్రతి బిల్లులో రెండో లైను మీదే: ‘వాక్యూమ్ చేసినందుకు’. మీరు నిద్రలో సంపాదించిన డబ్బుతోనే మా ఇంట్లో మిక్సీ కొన్నాం.

ఫ్రిజ్ గొట్టాల్లోకి గ్యాస్ ఎక్కించే ముందు లోపలి గాలినీ తేమనూ లాగేయడం మీ పని. మరి అది ఎవరు చేశారంటారా? గ్యాసే చేసింది. ఒక పక్క నుంచి కొంచెం గ్యాస్ కొట్టి, రెండో పక్క లైను వదులు చేస్తే బుస్సుమని గాలి బయటికి పోతుంది. ఐదు నిమిషాల్లో ఖేల్ ఖతం. ఫ్రీజర్లలో కొట్టే ఆర్-404ఏ గ్యాస్ ఒక కిలో అలా గాలిలోకి వదిలితే, భూమిని వేడెక్కించడంలో దాదాపు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత అని చదివాను. చదివాక కూడా వదిలాను. గాలి అయితే పోయేది గానీ, గొట్టం లోపల అంటుకున్న తేమ మాత్రం ఆ బుస్సుకు బెదిరేది కాదు.

ఈ ఏడాది మా పైడితల్లమ్మ సిరిమాను పండక్కి ఆ తేమే నా పరువు తీసింది.

సిరిమానుకు ముందురోజు తొలేళ్లు. దానికి ముందు శనివారం, గంటస్తంభం దగ్గర ఒక కూల్‌డ్రింక్ షాపు నుంచి ఫోను. ‘ఏటి బాబూ, ఐస్‌క్రీములు పాయసం అయిపోతన్నాయి, బేగి రా!’ వెళ్లాను. అలవాటుగా ‘గ్యాస్ అయిపోయింది’ అన్నాను. అయిపోవడానికి అదేమైనా వంటింటి సిలిండరా? మూసిన గొట్టాల్లో తిరిగే గ్యాస్ ఖర్చు కాదు, తగ్గిందంటే ఎక్కడో కారిందనే. ఆ మాట ఓనరుకు చెబితే కారేచోటు వెతకాలి కదా! ఒక జాయింటు దగ్గర నూనె మరక కనిపిస్తే వెల్డింగ్ పెట్టి, ఫిల్టర్ మార్చి, మిమ్మల్ని తలుచుకోకుండానే గ్యాస్ కొట్టి వచ్చేశాను.

రెండు గంటలు బ్రహ్మాండంగా చల్లబడింది. తర్వాత ఆగింది. మళ్లీ దానంతటదే మొదలైంది, మళ్లీ ఆగింది. లోపలి తేమ క్యాపిలరీ అనే సన్న గొట్టం చివర గడ్డకట్టి దారి మూసేస్తోంది, కరిగితే వదులుతోంది. ఆదివారం పొద్దున వెళ్లి వేడినీళ్ల గుడ్డ చుట్టాను. సుర్రుమని గ్యాస్ కదిలింది. ‘నీ సెయ్యి మంచిది బాబూ’ అన్నాడు ఓనరు. సాయంత్రానికి ఆ చెయ్యి పనిచేయలేదు.

ఇక తప్పక, ఆ రాత్రి మిమ్మల్ని బండి వెనక కట్టుకొని వెళ్లాను. ఉన్న గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా, వెనక్కి పట్టే రికవరీ సిలిండర్‌లోకి తీశాను. లీకు చూడ్డానికి ప్రెషర్ కావాలన్నాను. మా కుర్రాడు వెల్డింగ్ సెట్టు ఆక్సిజన్ గొట్టం పట్టుకొచ్చాడు. ‘ప్రెషరే కదన్నా?’

ఇది మాత్రం వేళాకోళం కాదండీ. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ కంప్రెసర్ నూనెకు తగిలితే బాంబులా పేలొచ్చు. గొట్టం వాడి చేతిలోంచి లాగేసుకున్నాను. నా చేతులు చాలాసేపు వణికాయి. వాడికి ఈ సంగతి నేను ఎన్నడూ చెప్పలేదు. ప్రెషర్ టెస్ట్ చేసి చూపించి ఉంటే కదా చెప్పడానికి!

నైట్రోజన్ తెప్పించి, రెగ్యులేటర్ పెట్టి, ఫ్రీజర్ మీది పలకలో ఉన్న ప్రెషర్ దాటకుండా ఎక్కించి, సబ్బు నురగ పూశాను. బుడగలు ఎక్కడ వచ్చాయో తెలుసా? శనివారం నేను వెల్డింగ్ పెట్టిన జాయింటుకే, వెనక పక్క. అద్దం పెట్టి చూస్తే గానీ కనపడని చోట. నైట్రోజన్ వదిలేసి మళ్లీ వెల్డింగ్ పెట్టి, మళ్లీ ఎక్కించి, ముల్లు కదలడం లేదని నమ్మకం కుదిరాక, దాన్నీ వదిలేసి మీ స్విచ్ వేశాను.

నా పాత గేజు ముల్లు ఐదు నిమిషాలకే అడుక్కి దిగి కూర్చుంది. అసలు పని అక్కడి నుంచే అని దానికి తెలియదు. అతి తక్కువ ఒత్తిడిని కూడా కొలిచే మైక్రాన్ గేజు ఒకటి స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చాను, దానికి తెలుసు. బయటి గాలి ఒత్తిడి 7,60,000 మైక్రాన్లు. మీరు దాన్ని 500 దాకా దించాలి. అంత దించితే లోపలి నీరు గది వేడికే మరిగి ఆవిరై మీ దారిన వచ్చేస్తుంది. మీ నూనె పాలలా తెల్లబడింది. మార్చాను. మళ్లీ తిప్పాను. ఓనరు బల్ల మీద పడుకొని, ‘గ్యాస్ కొట్టకుండా ఉత్తినే తిరుగుతాదేటి బాబూ ఇది?’ అని రెండుసార్లు అడిగి నిద్రపోయాడు.

తెల్లారగట్ల వాల్వు కట్టి, మిమ్మల్ని ఆపి చూశాను. అంకె కొంచెం పెరిగి నిలబడింది. ఆగకుండా పెరుగుతూ పోతే లీకు ఉన్నట్టు. బాగా పైకెళ్లి ఆగితే తేమ మిగిలినట్టు. మనకు రెండూ లేవు. పలకలో రాసిన గ్రాములు తూకం వేసి ఎక్కించాను.

మంగళవారం, పూజారిని చివర కూర్చోబెట్టిన ఆ పొడవాటి సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగింది. నా ఫోను ఒక్కసారి కూడా మోగలేదు.

రేపు చింతపల్లి వైపు చేపల షాపులో పని ఉంది. మిమ్మల్ని బండికి కట్టడానికి ట్యూబు ముక్క సిద్ధం చేశాను. కొత్త నూనె కూడా పోశాను. దయచేసి అలగకండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక ఫ్రిజ్ మెకానిక్, విజయనగరం

తా.క.: బిల్లు రాసిచ్చాను. ఓనరు రెండో లైను మీద వేలు పెట్టి, ‘పెతిసారీ ఇది రాస్తన్నావు గదా, ఈ మిషను ఇన్నాళ్లూ ఎక్కడుందేటి బాబూ?’ అన్నాడు. ఏం చెప్పమంటారో తిరుగు టపాలో రాయగలరు.